తెల్లగా మిగిలిన మా వార్డు

గని మూతపడ్డాక, ఆ రోజుల్లో, మా ఊళ్లో అందరికీ కావలసినంత దొరికింది అనుమానం ఒక్కటే. గని టైమ్ ఆఫీసులో పదిహేనేళ్లు హాజరు రాసిన నేను, నలభై దాటాక నాకు నేనే కంప్యూటరు నేర్చుకున్నాను (అదీ పడుచుతనమే అంటాను, మా ఆవిడ ఒప్పుకోదు). ఒక చిన్న ఆఫీసులో పని దొరికింది. జనాభా లెక్కల పట్టికను వార్డుల సరిహద్దులున్న పటంతో కలపాలి. రెండుచోట్లా వార్డు నంబరు ఒక్కటే అయితే ఆ వార్డు రంగు పట్టుకుంటుంది. మర్నాడు నీళ్ల ఆఫీసరు ఆ పటం చూసి కొత్త గొట్టాలు ఎక్కడ వేయాలో తేలుస్తాడు.

మీట నొక్కాను. బజారు వైపు వార్డులన్నీ పచ్చగా, ఎర్రగా నిండాయి. మా ఊరిగాం వార్డూ, పక్కనున్న గని లైన్లూ (కూలీల ఇళ్ల వరసలు) మాత్రం మనిషి పుట్టనట్టు తెల్లగా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. సరిహద్దులు గీసింది తమక అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే సహోద్యోగిని. (మేం తమకమ్మ అనేవాళ్లం.) గని మూశాక లైన్లలో ఇళ్లు ఖాళీ చేయించాలని చూస్తున్నవాళ్లతో ఈవిడ కలిసిపోయిందని అక్కడికక్కడే తేల్చేశాను.

"ఏమ్మా, గని మూసినారు సరే, ఇంగ మనుషుల్నీ తుడిచేసినారా? మా ఊరిగాం యాడ?"

"అరుస్తావెందుకప్పా! గీత అట్నే ఉండాది, నంబరే కలవలేదు. నా పటంలో సున్నా ఏడు. నీ పట్టికలో వట్టి ఏడు. ఆ సున్నా తీసినోళ్లు ఎవురు?"

"నేనే. ముందుండే సున్నాకి విలువేముందమ్మా? గనిలో టోకెన్ నంబర్లన్నీ అట్నే రాసినాను, ఒక్కరి జీతమూ ఆగలేదు!"

"మేస్త్రీకి మొగం తెలుసప్పా. ఈ పెట్టెకి ఎవురి మొగమూ తెలీదు. సున్నా చూస్తేనే మీ వార్డని దానికి తెలిసేది."

పట్టిక మళ్లీ తెరిచి, పది లోపు వార్డులన్నిటికీ సున్నాలు తగిలించాను. మా లైన్లు ఒక్కసారిగా రంగెక్కాయి. తర్వాతి వేసవికి గొట్టమూ వచ్చింది, వారానికో పూట నీళ్లూ వచ్చాయి. తమకమ్మకు మాత్రం నేను క్షమాపణ చెప్పలేదు; మర్నాడు ఆవిడ బల్ల మీద రెండు మైసూరుపాక్ ముక్కలు పెట్టాను. "ఇందులో ఏం కలిపినావప్పా?" అని అనుమానంగా వాసన చూసి మరీ తిన్నది. ఇప్పటికీ ఏ కాగితంలో తేడా కనిపించినా నా వేలు ముందు ఎదుటివాళ్ల మీదికే లేస్తుంది. సగంలో ఆ తెల్లటి వార్డు గుర్తొచ్చి, అదే వేలితో కళ్లజోడు సర్దుకుని, నేను రాసిందే మొదట చదువుకుంటాను.