ఏడు పళ్ళ దువ్వెన

ఆరేళ్ళుగా నేనొక సిగరెట్ పెట్టెను మోస్తున్నాను. పెట్టె కూడా కాదు, దాని లోపలి అట్ట. తులం బరువుండదు, నా దగ్గర లేదు కూడా. అయినా గాజువాక బస్సులో నిలబడి వెళ్తుంటే దాని వల్లే భుజం లాగుతోందనిపిస్తుంది. ఇలా మొదలుపెడితే నాటకంలా ఉంటుందని తెలుసు. ఇంకెవరైనా నా ముందు ఇలా మాట్లాడితే ఒక్క మాటతో గాలి తీసేసేవాణ్ణి. ఆ అలవాటు గురించే చెప్పాలి.

నా పేరు రాయను. ఈ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో నాకు తెలియదు. అనుమానం నాకు పుట్టుకతో లేదు. సింహాచలం బావ దగ్గర అంటుకుంది.

బావంటే చుట్టం కాదు. ఆటోనగర్‌లో ఆయన షెడ్డుకి వెళ్ళిన అందరికీ ఆయన బావే. పోర్టు వైపు ఎగిరే ఇనప ఖనిజం దుమ్ము ఊడ్చడానికి ఒక బండి తయారుచేశాడు. తోసుకుంటూ వెళ్తే కింద గుండ్రటి బ్రష్షు తిరుగుతుంది. అలాంటి బండ్లు అంతకుముందూ ఉన్నాయి. కానీ మన ఎర్ర దుమ్ముకి తడి తగిలితే ముద్దయి బ్రష్షుకే పట్టేస్తుంది. బండి ఊడ్చడం మానేసి రోడ్డుకి రంగు వేస్తుంది. ఒకరోజు ఇంట్లో అక్క, అంటే బావ భార్య, కూతురి తలని పేల దువ్వెనతో దువ్వుతుంటే చూసి, బావ బ్రష్షు వెనక ఒక ఇనప దువ్వెన బిగించాడు. తిరిగిన ప్రతిసారీ బ్రష్షు తనను తాను దువ్వుకుంటుంది. కొత్త సంగతి అంతే. పేటెంటు దానికే.

దువ్వెనకి పదకొండు పళ్ళు. పదకొండూ కోసి వంచినవాడు పైడయ్య. అప్పటికి ఎనిమిదేళ్ళుగా బావ దగ్గర వెల్డరు. ఇద్దరూ ఒకే టిఫిన్ కారియర్లో తినేవారు. బొమ్మలు గీసింది నేను. స్టీల్ ప్లాంటు పనులు చేసే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో డ్రాయింగులు గీస్తూ, సాయంత్రాలు షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. దరఖాస్తులో కనిపెట్టినవారి పేరు దగ్గర బావ పేరొక్కటే రాశాను. నా చేత్తోనే రాశాను. ఈ మాట గుర్తుంచుకోండి. నాకు గుర్తుంది.

బావ భయం మామూలుది కాదు. బండికి అక్క పాత చీర కప్పేవాడు. టీ కొట్టాయన్ని గుమ్మంలోనే ఆపేవాడు. షెడ్డు మూసేముందు దువ్వెన విప్పి, కారియర్ అడుగు గిన్నెలో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళేవాడు. ఇంతా చేసి, కాగితాలు సిద్ధమయ్యేసరికి ఆషాఢం వచ్చింది. శూన్యమాసంలో మద్రాసు పేటెంటు ఆఫీసుకి రిజిస్టరు పోస్టు చెయ్యకూడదన్నాడు. ముందు ఎవరి కాగితం చేరితే హక్కు వాళ్ళదేనని నేను చెప్పాను. విన్నాడు. విని, దరఖాస్తుని దేవుడి పటం వెనక పెట్టి, శ్రావణం కోసం దణ్ణం పెట్టుకున్నాడు.

ఇంత మంచి సరుకు దొరికితే నేను ఊరుకుంటానా? కనపడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వించాను. దువ్వెన ఎలా ఉంటుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక్కరికి తప్ప.

సీతమ్మధారలో పిన్నిని క్లినిక్‌లో కూర్చోబెట్టి బయట టీ తాగుతున్నాను. పక్కన ఒక మనిషి. ఆస్పత్రులకి నేల కడిగే యంత్రాలు, బీపీ చూసే ఎలక్ట్రానిక్ పెట్టెలు అమ్ముతానన్నాడు. నా కథ విని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నా జోకులకు అంతగా నవ్వినవాణ్ణి మళ్ళీ చూడలేదు. అంత దాచాల్సింది అందులో ఏముందండీ అన్నాడు. ఏమీ లేదని చూపించడానికే గీశాను. ఆయన సిగరెట్ పెట్టె లోపలి అట్ట మీద. చోటు చాలక ఏడు పళ్ళతో ఆపేశాను. ఆయన పెట్టె మూసి జేబులో పెట్టుకున్నాడు. అందులో ఇంకా రెండు సిగరెట్లున్నాయి, అందుకే పెట్టుకున్నాడనుకున్నాను.

అనుకున్నానా? లేక, నా పేరు లేని దరఖాస్తు పటం వెనక ఉందన్న సంగతి నా పెన్సిలుకి గుర్తుందా? ఆరేళ్ళుగా నన్ను నేను నిలదీస్తున్నాను. నిందితుడు ప్రతిసారీ ఒక జోకు వేసి తప్పించుకుంటున్నాడు.

ఏడాది దాటాక మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇలాంటి దువ్వెనకే మీకంటే ముందు వేరొకరు దరఖాస్తు పెట్టారని. ఆ కాగితాల నకలు బావ తెప్పించాడు. దరఖాస్తు ఆషాఢంలోనే పడింది. బొమ్మలో దువ్వెనకి ఏడు పళ్ళు.

చూడగానే నాకు తెలిసింది. పైడయ్య చెప్పి ఉంటే పదకొండు ఉండాలి. కోసినవాడు లెక్క తప్పడు. ఆ ఒక్క మాట అంటే చాలు, అతను బయటపడతాడు. తర్వాత ప్రశ్న నా మీదికి వస్తుంది.

బావ కాగితాలు బల్ల మీద పడేశాడు. "ఈ దువ్వెన సంగతి నాకు, పైడయ్యకి, ఈడికి తప్ప నాలుగోవోడికి తెలుసేటి?"

ఈడంటే నేను.

పైడయ్య నల్లద్దాలు నుదుటి మీదికి జరిపాడు. "నాను సెప్పలేదు బావా. నా సేతుల్తో కోసినాను. నానెందుకు సెప్తాను?" అని నావైపు చూశాడు. బొమ్మలు తెలిసినవాణ్ణి కదా, ఏదో ఒకటి అంటాననుకున్నాడు.

అన్నాను. "ఆ కారియర్లో సాంబారు సెప్పీసుంటాది బావా. రోజూ పైగిన్నెలోనే ఉండీది గదా."

పైడయ్యకి నవ్వు ఆగలేదు. భయంలో ఉన్న మనిషికి నవ్వు ఎంత తొందరగా వస్తుందో ఆ రోజే చూశాను.

బావ నవ్వలేదు. "సూడు, ఎలా నవ్వుతన్నాడో. కడుపు మండినోడు నవ్వుతాడేటి? రేపట్నుంచి రాకు పైడయ్యా."

నవ్వించింది నేను. సాక్ష్యం అతని నవ్వు.

బావ ఆ బండిని షెడ్డు వెనక పడేసి, మళ్ళీ లారీల చాసిస్‌లు అతుకుతూ కూర్చున్నాడు. పైడయ్యని ఆటోనగర్‌లో ఇంకెవరూ పనిలో పెట్టుకోలేదు. గుట్టు అమ్ముకునేవాడని పేరు పడింది. ఇప్పుడు తగరపువలసలో కిటికీ గ్రిల్స్ చేస్తున్నాడు. పోయిన నెల చెప్పేద్దామని వెళ్ళాను. నన్ను చూడగానే చేస్తున్న గ్రిల్ మీద గోనెసంచి కప్పాడు. మామూలు గ్రిల్, నాలుగు పువ్వులు, రెండు హంసలు. పైడయ్య ఇదివరకు ఏదీ కప్పేవాడు కాదు. బావ పంపించాడా అని అడిగాడు. లేదన్నాను. అయితే ఎందుకొచ్చావన్నాడు. హంసల మీద ఒక జోకు వేశాను. నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో అతనికి తెలుసు. బస్సెక్కి వచ్చేశాను.

ఇది చదివి నన్ను మంచివాడనకండి. అంటే మిమ్మల్నీ అనుమానిస్తాను. ఈ కాగితానికి రెండు నకళ్ళు తీస్తున్నాను. ఒకటి బావ షెడ్డుకి, ఒకటి తగరపువలసకి. వాటి మీద మాత్రం పేరు ఉంటుంది. పోస్టు చేసే ధైర్యం ఎప్పుడొస్తుందో తెలియదు. మంచిరోజు కోసం చూస్తున్నానని మాత్రం అనను.

ఏడు పళ్ళ బొమ్మ గీసింది నేను. పైడయ్య కాదు.

ఈ మాటని ఇంతవరకు జోకు లేకుండా ఎక్కడా రాయలేదు. రాశాను. చెయ్యి కొంచెం తేలికగా ఉంది. అంతే.