ప్రమోదిని అనుభవం

ఏది ముట్టుకోవాలన్నా ప్రమోదిని ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటుంది. కిడ్నీలు పాడైన భర్తకు ఏళ్ల తరబడి ఇంట్లోనే డయాలసిస్ సంచులు మార్చిన అలవాటది. మనిషి పోయాడు, అలవాటు పోలేదు. ఉద్దానం నుంచి కాశీబుగ్గ జాబ్ మేళాకు వచ్చి కూడా ముందు కుళాయే వెతుక్కుంది. కుట్టుపని రాదు, కంప్యూటర్ రాదు. ఆమెను ఏ వరుసలో నిలబెట్టాలో బల్ల దగ్గరి అమ్మాయికి తోచలేదు.

"మరి నీకేటొచ్చక్కా?"

"మంచంలో ఉన్నోల్ని సూసుకోగల్నమ్మా."

"అయితే పేషెంట్ కేర్! ఎవులింట్లో సేసినావు? ఆల నంబరు సెప్పు, ఓసారి అడుగుతాను."

ప్రమోదినికి కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే. తడుముకోకుండా చెప్పింది. అమ్మాయి ఫోన్ చేసింది.

ప్రమోదిని చేతిసంచిలో ఆయన ఫోను మోగింది.