పాట ఆగితే నోరు చూసేవాళ్లు

కూలికి పోయే ఆడవాళ్లు అలుపు మరిచిపోవడానికి పాటలు కట్టుకున్నారని చదువుకున్నవాళ్లు మురిసిపోతూ చెప్పినప్పుడల్లా నేను లేచి అవతలికి పోతాను. అలా పాడిన పాటలు లేవని కాదు. తెల్లవారకముందే మా అత్త విసుర్రాయి ముందు కూర్చుని పాట ఎత్తుకుంటే ఆ చప్పుడుకే మేం లేచేవాళ్లం. కలుపులో పాట ఉండేది, పిల్లలకు నీళ్లు పోసేటప్పుడు పాట ఉండేది. ఆదివారం ప్రార్థనకు కూడుకునే పాకలో ఒక్క అక్షరం రానివాళ్లు కూడా కీర్తనలు మొదటినుంచి చివరిదాకా నోటికి పాడేవాళ్లు. అవన్నీ మావి. నేను చెప్పేది దొరసాని కొట్టంలో పాడిన పాటల సంగతి.

నేను పుట్టింది గద్వాల దగ్గరి ఊళ్లో. పాదిరి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాక వీపనగండ్ల వైపు ఒక ఊరికి నన్నిచ్చారు. నిజాం కాలం, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. అత్తగారింట్లో అత్త, ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు. మా వైపు తోడికోడలిని యారాలంటారు. నేను మాత్రం ఆమెను అక్కా అనే పిలిచేదాన్ని. ఆమె ముఖం నిండా స్ఫోటకపు మచ్చలు. గొంతు సన్నది కాదు, కొంచెం బొంగురు. కానీ పాట ఎత్తుకుంటే పక్క చేలో గొర్రు తోలేవాడు కూడా ఎద్దుల్ని నిలబెట్టి వినేవాడు. కొత్త కోడలిగా నేను పుట్టింటి మీద బెంగపడి ఏడుస్తుంటే, ఓదార్పు మాటలేవీ చెప్పకుండా నా జడ విప్పి దువ్వుతూ పాడేది. నాకు ఏడుపు ఆగిపోయేది.

మా మగవాళ్లిద్దరూ దొర దగ్గర జీతానికి ఉండేవాళ్లు. దొర ఇచ్చిన మెట్ట చెలక ముక్క ఒకటి దున్నుకునేవాళ్లం. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. పండిన జొన్నల్లో సగం లెవీ అని సర్కారు కొలుచుకుపోయింది. ఎండాకాలం వచ్చేసరికి మా పొయ్యి మీద ఒక పూట అంబలి, ఒక పూట ఆకుకూర. అక్కకు అప్పుడు ఏడో నెల.

ఎండాకాలంలో దొర ఇంట్లో విత్తనానికి బుడ్డలు ఒలిపించేవాళ్లు. పల్లికాయల్ని మా దగ్గర బుడ్డలంటారు. వాడలోని ఆడవాళ్లందరం గడి, అంటే దొర బంగళా, వెనక కొట్టంలో వరసగా కూర్చుని తడిపిన కాయల్ని బొటనవేళ్లతో చిదిపి గింజలు తీయాలి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గోళ్ల కింద రక్తం చెమ్మగిల్లేది. ఆ వాసన ఎలాంటిదో ఆకలితో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఒడి నిండా పాలుకారే గింజలు. ఒక్కటి కూడా మనది కాదు.

అందుకే పాట. అది దొరసాని పెట్టిన నియమం. పాడే నోరు నమలలేదు కదా. పొద్దున కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, మిగిలినవాళ్లు అందుకోవాలి. పాట కొంచెం తగ్గితే వసారాలోని ఉయ్యాల మీద నుంచి ఆమె కేక వేసేది.

"ఏంది, గొంతులు పడిపోయినయా? ఎవతె నముల్తుందే?"

సాయంత్రం లేచేముందు ఇంకొకటి ఉండేది. కొట్టం ముందర నల్లటి నాపబండ పరిచి ఉండేది. ఒక్కొక్కరం వంగి దోసిలి పడితే పనిమనిషి పైనుంచి, మా చేతులు చెంబుకు తగలకుండా నీళ్లు పోసేది. పుక్కిలించి ఆ బండ మీద ఉమ్మాలి. నల్లటి బండ మీద తెల్లటి పలుకు ఉంటే కనబడుతుంది. దొరసాని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వంగి, మా ఉమ్మిలోకి చూసేది. ఇంతమంది ఉమ్మిని అంత శ్రద్ధగా చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. పలుకు కనబడితే ఆ రోజు కూలి లేదు.

ఆమెకు పాటంటే గిట్టదేమో అనుకుంటే పొరపాటు. ఆమెకు పాటంటే ప్రాణం. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పట్నం నుంచి తెప్పించిన పాటల పెట్టె గడిలో ఉండేది. అక్క పాడుతుంటే ఉయ్యాల ఆపేసి, కళ్లు మూసుకుని వినేది. కూతురిని అత్తింటికి సాగనంపే పాట పాడితే కొంగుతో కళ్లు ఒత్తుకునేది. ఒత్తుకున్న ఆ కొంగునే సాయంత్రం ముక్కుకు అడ్డం పెట్టుకుని బండ దగ్గరకు వచ్చేది.

ఒకనాడు పట్నం నుంచి ఆమె తమ్ముడూ మరదలూ తెరలు కట్టిన కచ్చడం బండిలో దిగారు. అన్నాలు తిన్నాక వాళ్లకు అక్క పాట వినిపించాలని దొరసానికి ముచ్చట పుట్టింది. వసారా ముందరకు కుర్చీలు వేయించింది. కొట్టంలో ఉన్న మమ్మల్ని అలాగే ఉండమని, అక్కను ముందుకు రమ్మంది.

"గా వానపాట ఎత్తుకోవే. మా తమ్ముడు ఇంటడు."

పిలుపు రావడానికి కాస్త ముందే అక్క నాలుగు గింజలు బుగ్గన పెట్టుకుంది. నేను పక్కనే ఉండి చూశాను. పొద్దటి నుంచి కడుపులో బిడ్డ తన్నుతోందని, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయని అంటూనే ఉంది. నమిలే వ్యవధి లేదు. అట్లాగే లేచి వెళ్లి నిలబడి పాడింది.

ఆ పాటలో 'నీళ్లు' అనే మాట మీద గొంతును చాలాసేపు సాగదీయాలి. అక్క ఆ మాట దగ్గరకు వచ్చింది. మాకెవరికీ తేడా తెలియలేదు. దొరసాని కళ్లు తెరిచింది.

"ఆగు. గా మాట మల్ల అను."

"ఏ మాట దొరసానీ?"

"నీళ్లు అను."

అక్క అంది. నీల్లు అన్నట్లు వచ్చింది.

"దీని నోట్ల ఏదో ఉన్నది. నాలుక మర్లుతలేదు," అంది దొరసాని.

తమ్ముడు తొడ చరిచాడు. "ఏం చెవి అక్కా నీది! నేనైతే పట్టకపోదును."

ఆమెకు ఆ పొగడ్త నచ్చింది. ముఖంలో కనబడింది. బండ దగ్గరకు పొమ్మని అక్కకు వేలు చూపించింది. చుట్టాల ముందర, మా అందరి ముందర అక్క ఆ పెద్ద పొట్టతో వంగి దోసిలి పట్టింది. నీళ్లు పుక్కిలించి ఉమ్మింది. నాలుగు గింజలు పడ్డాయి. పళ్ల గాటు కూడా పడలేదు. అంతటితో ఆగలేదు. ఖాళీ కడుపులోకి నీళ్లు పోయినందుకో, సిగ్గుకో, డోకు వచ్చింది. పసుపు నీళ్లు కక్కుకుంది. పట్నం మరదలు "ఛీ" అని పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుంది.

నేను లేచి అక్క వీపు పట్టుకున్నాను. "కూసో నీ జాగల," అంది దొరసాని. నేను కూర్చోలేదు. ఆమె కూడా రెండోసారి అనలేదు, చుట్టాలున్నారు కదా. బండ కడగమని అక్కకు చెప్పింది. అక్క కడిగింది. నేనూ కడిగాను.

అప్పుడు ఆ తమ్ముడు తమలపాకు నోట్లో పెట్టుకుంటూ అన్నాడు: "అయ్యిందేదో అయ్యింది గాని, పాట సగంల ఆగింది. జర పూర్తి చెయ్యమను అక్కా, మంచిగుండె."

వాడు కోపంతో అనలేదు. ఎగతాళికీ అనలేదు. నిజంగానే మిగతా పాట వినాలనిపించింది వాడికి. అంతటి రోత నాకు ఆ వాంతి కడిగేటప్పుడు కూడా కలగలేదు.

"ఊఁ, ఎత్తుకో," అంది దొరసాని.

"రాదు దొరసానీ."

"ఏంది రాదు? ఇప్పటిదాంక పాడినవ్ గదనే?"

"గింజలతోని పాట గూడ కక్కిన. ఇగ కడుపుల లేదు," అంది అక్క. గొంతు పెంచలేదు. చెంగుతో మూతి తుడుచుకుని వాకిట్లో నుంచి వాడకు నడిచింది. నేను వెంట వెళ్లాను.

మర్నాడు అక్కను కొట్టంలోకి రానివ్వలేదు. నేను వెళ్లాను. వెళ్లకపోతే ఇంట్లో ఆకుకూర కూడా ఉడకదు. మొదట ఎవరూ పాట ఎత్తుకోలేదు. కేక వచ్చింది. ఇంకొకామె ఎత్తుకుంది, మేం అందుకున్నాం. సాయంత్రం బండ మీద ఉమ్మాం.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఊపేటప్పుడు మా అత్త పాడేది. అక్క ఊరికే తాడు లాగేది. చలికాలంలో దొరసాని కూతురి పెండ్లి కుదిరింది. పసుపు దంచేటప్పుడు పాడడానికి అక్కను రమ్మని కబురొచ్చింది. కబురు తెచ్చిన పనిమనిషి, "దొరసాని మనసుల ఏం పెట్టుకోలేదంట. కొత్త చీర గూడ పెడ్తదంట," అంది.

"ఆమె పెట్టుకోలేదు, మంచిదే. నేను పెట్టుకున్న," అంది అక్క.

అక్క మొగుడు, మా బావ, బతిమాలాడు. అత్త గడప మీద కూర్చుని, "ఒక్క పాటకు ఇంటి మీదికి తెస్తవా బిడ్డా," అని ఏడ్చింది. అక్క పోలేదు. పెండ్లి వేరేవాళ్ల పాటలతో జరిగింది. పెండ్లి పందిట్లో తోరణాలు వాడిపోకముందే చెలక ముక్క మా చేతుల్లోంచి పోయింది. బావను జీతం నుంచి తీసేశారు. నా మొగుణ్ని మాత్రం ఉంచుకున్నారు, ఇద్దర్నీ తీసేస్తే ఎద్దుల పని ఆగుతుందని. తాను క్షమించినా అక్కకు గర్వం తగ్గలేదని దొరసాని అందరితో చెప్పుకుని బాధపడేదట. నిజంగానే బాధపడి ఉంటుంది.

బావా అక్కా పిల్లనెత్తుకుని కల్వకుర్తి వైపు వెళ్లిపోయారు. అక్కడ అంగడి దగ్గర బస్తాలు మోసి, ఇళ్ల గోడలకు మట్టి తొక్కి బతికారు. కొన్నేళ్లకు అత్త పోతే ఆ కబురు చెప్పడానికి నేనే వెళ్లాను. అక్క చిక్కిపోయింది, వెంట్రుకలు నెరిశాయి. పిల్ల మాత్రం గుండ్రంగా ఉంది. అత్తను తలుచుకుని ఇద్దరం ఏడ్చాం. రొట్టెలు చేస్తుంటే అడిగాను, "పాడుతున్నవా అక్కా?"

"పాడుత. మట్టి తొక్కేటప్పుడు, ఒక్కదాన్నే ఉంటే."

"జర పాడవా? ఎన్నేండ్లయింది."

ఆమె రొట్టె తిప్పి వేసింది. నా వైపు చూసి నవ్వింది, తప్పించుకునే నవ్వు. "ఎవరన్న ఇంటుంటే నాలుక మందమైతది చెల్లె. నువ్వయినా గంతే. ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదని చెప్పాను. నా జడ దువ్వుతూ పాడిన మనిషి నా ముందర పాడలేకపోతోంది. రొట్టె, గోంగూర పెట్టింది. తిన్నాను. పిల్ల నా ఒళ్లోకి వచ్చి, అమ్మ పేరేమిటో, నాయనమ్మ ఊరేమిటో గడగడా చెప్పింది. మధ్యాహ్నం వనపర్తి వైపు వెళ్లే బండి దొరికితే ఎక్కాను. దారి పొడుగునా చేలలో ఆడవాళ్లు కలుపు తీస్తూ పాడుతూనే ఉన్నారు. బండివాడు, "ఎంత మంచిగ పాడుతున్నరో," అన్నాడు. నేను గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ మనిషి ఎవరి నోరు చూస్తున్నాడా అని చూస్తూ కూర్చున్నాను.