తాడు కట్టిన పెట్టె

దుబాయిలో మా గదిలో కోస్గి ఊరి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. అందరం బట్టలు మేకులకు తగిలించుకునేవాళ్లం. ఆయన మాత్రం రోజూ పెట్టె తాడు విప్పి, చొక్కా తీసుకుని, మళ్లీ బిగించి కట్టేవాడు.

“ఎందుకే అన్నా గీ తిప్పలు?” అన్నాను.

“వీసా కంపెనీ వాళ్ల చేతుల ఉన్నది తమ్మీ. పొమ్మంటే ఎంతసేపు?”

పనిలోంచి తీసేసినవాళ్లను ఎక్కించుకుపోవడానికి కంపెనీ జీపు వచ్చేది. దాని చప్పుడు వింటే చాలు, ఆయన చెయ్యి ముడి మీదికి పోయేది.

ఒకసారి ఇద్దరం సెలవు మీద వచ్చినప్పుడు కోస్గిలో ఆయన ఇంటికి వెళ్లాను. మంచం కింద అదే పెట్టె, అదే తాడు.

“నువ్వన్న జెప్పు తమ్మీ. వచ్చి నెలాయె, ఇంకా తాడు ఇప్పలే” అన్నది ఆయన భార్య.

అంతలో వీధిలో జీపు ఆగింది. ఆయన చెయ్యి మంచం కిందికి పోయింది.

నేను అప్పటికే లేచి నిలబడ్డాను.