చదివి వినిపించాకే సంతకం

మా ఆఫీసు అక్క పోయింది. మొన్న శుక్రవారం పొద్దున నేను ఎమ్మిగనూరు బస్సులో ఉండగా ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా, కర్నూలు నుంచి తీసుకొస్తాండాము" అన్నాడు. దారిలోనే దిగి, రోడ్డు దాటి, ఆదోనికి తిరిగిపోయే బస్సు కోసం నిలబడ్డాను. ఏడుపు రాలేదు. పని మధ్యలో వదిలి వస్తున్నందుకు అక్క తిడుతుందేమోనన్న భయమే ముందు వచ్చింది.

ఆమె మా యజమాని. మేడమ్ అంటే పలికేది కాదు, అక్కా అనాల్సిందే. అక్క అన్నాక గారు తగిలించబుద్ధి కాదు. ఇక్కడా తగిలించను.

ఆదోనిలో ఎరువుల అంగడి మీద ఒక్క గది మా ఆఫీసు. అక్కతో కలిపి నలుగురం. పత్తి మిల్లులకు, నూనె మిల్లులకు, రైతు సంఘాలకు నష్టం ఎక్కడ వస్తోందో, ఏం మార్చుకోవాలో చెప్పడం మా పని. బోర్డు మీద కన్సల్టెన్సీ అని ఉండేసరికి, సర్టిఫికెట్ల కవరు పట్టుకుని మెట్లెక్కేవాళ్ళే ఎక్కువ. "మా పిల్లోనికి యాడన్నా ఉద్యోగం సూడమ్మా" అనేవాళ్ళు. "ఈడ ఉద్యోగాలు ఇయ్యమప్పా, మాదే అంతంత మాత్రం" అంటూనే అక్క వాళ్ళకు టీ తెప్పించి, ఆ పిల్లోడు ఏం చదివాడో, ఏం చేయగలడో తీరిగ్గా అడిగేది. ఆలోపు ఆమె పని కూడా మా నెత్తిన పడేది. చిన్న సంస్థలో ఉద్యోగమంటే అంతే మరి. లెక్కలు వేసేదీ మనమే, మిల్లులో దుమ్ము మింగేదీ మనమే, ప్రింటరు మొరాయిస్తే దాన్ని బతిమాలేదీ మనమే.

అక్కది పత్తి వ్యాపారుల ఇల్లు. బెంగళూరులో ఒక పెద్ద కంపెనీలో చాలా ఏళ్ళు ఇదే పని చేసి, విసుగెత్తి వచ్చేసింది. "ఆడ మేము రాసింది ఎవురి మీద పడిందో, వాళ్ళ మొగం ఒక్కసారి గూడా సూడలేదు" అనేది. అందుకే ఇక్కడ ఒక నియమం పెట్టుకుంది. రిపోర్టు ఎవరి గురించి రాశామో వాళ్ళందరినీ కూర్చోబెట్టి, తెలుగులో చదివి వినిపించాలి. ఆ తర్వాతే ఆమె సంతకం. నేను ఇంగ్లీషు మాటలు దొర్లిస్తే, "ఇదే మాట కింద ఎరువుల అంగట్లో సెప్పిరాపో, వాళ్ళకు అర్థమైతే రాద్దువు" అని పంపేది. నిజంగానే పోయి చెప్పేదాన్ని. అంగడాయన పాపం ఓపిగ్గా వినేవాడు.

రెండేళ్ళ కిందట, దసరాకు ముందు, ఒక పత్తి మిల్లు పని వచ్చింది. పత్తిలో ఆకూ పుడకా ఏరే ఆడవాళ్ళ బదులు యంత్రం పెట్టుకోవచ్చా అన్నది మిల్లు యజమాని ప్రశ్న. పెట్టుకోవచ్చని రాశాం. చదివే రోజు అక్క ఆ ఆడవాళ్ళనూ పిలవమంది.

"వాళ్ళెందుకక్కా?" అన్నాడు యజమాని.

"వాళ్ళ గురించే రాసినాము గదప్పా."

నేను చదివాను. ఏరే పనికి ఇక మనుషుల అవసరం ఉండదన్న చోటికి వచ్చాను. వెనక కూర్చున్న ఒక పెద్దామె, "ఎప్పట్నుంచమ్మా?" అని మాత్రం అడిగింది. నేను అక్క వైపు చూశాను. రిపోర్టులో అది లేదు.

"అది రాయలేదమ్మా. తప్పు మాదే" అంది అక్క.

"తేదీదేముందక్కా, మిషన్ వచ్చినరోజు నేను సెప్తా. మీరు సంతకం పెట్టండి" అన్నాడు యజమాని.

"దసరా ముందే గదా వీళ్ళు ఏ మిల్లుకు పోవల్లనో మాట్లాడుకునేది. నడుమ సీజన్లో పొమ్మంటే యాడికి పోతారు?"

"తేదీ సెప్పినాక ఇప్పుడే అందరూ పోతే, మిషన్ వచ్చేదాకా నా పనెట్ల?"

అక్క సంతకం పెట్టకుండా కాగితాలు వెనక్కి తెచ్చింది. సీజను ముగిశాకే యంత్రం బిగించాలని, అంతదాకా వీళ్ళనే ఉంచుకోవాలని చేర్చి మళ్ళీ చదివించింది. యజమాని మూతి ముడుచుకునే ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది వాళ్ళలో చాలామంది వేరే మిల్లుల్లో కుదురుకున్నారు. కొందరికి దొరకలేదు. ఆయన మాత్రం మళ్ళీ మాకు పని ఇవ్వలేదు, తెలిసినవాళ్ళనూ రానివ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. "ముందు మన ఆఫీసుకు ఎవురన్నా కన్సల్టెన్సీ సెయ్యల్లక్కా" అన్నాను. అక్క పడీపడీ నవ్వింది. ఆమెతో పోట్లాడి గెలవడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నవ్వు కోసమే ఆ ఉద్యోగంలో ఉండిపోయానేమో అనిపిస్తుంది.

ఈ వేసవిలో ఆమె మాటిమాటికీ కర్నూలు పోయివచ్చేది. కొత్త పనేదో దొరికిందనుకుని సంబరపడ్డాం. ఒక మధ్యాహ్నం వచ్చి, తలుపు దగ్గరికి వేసి, మా ముగ్గురినీ కూర్చోమంది. చేతిలో కాగితమేమీ లేదు. గొంతు మాత్రం రిపోర్టు చదివేటప్పటిదే.

"నాకు ఈ ఏడు గడవదంటాండారు డాక్టర్లు. ఎమ్మిగనూరు నేత సంఘం పనొకటి ముగిద్దాం, కొత్తవి ఒప్పుకోను. మీరు ఇప్పట్నుంచే వేరే సోట మాట్లాడుకోండి. నేనుండంగనే అయితే, మీ గురించి వాళ్ళకు నేనే సెప్తాను." కుర్చీ ముందుకు జరుపుకుని, "ఏమన్నా అడగల్లంటే అడగండి" అంది.

కింద హమాలీలు లారీలోంచి ఎరువుల మూటలు దించుతున్నారు. రిపోర్టు చదవడం అయ్యాక ఎదుటివాళ్ళు నోరు తెరిచేదాకా ఆమె కుర్చీలోంచి లేచేది కాదు. మేం ముగ్గురం నేల చూస్తున్నాం. అక్క కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, తొందరేమీ లేనట్టు, మా మొహాలు ఒకటి తర్వాత ఒకటి చూస్తూ కూర్చుంది.