బలపమంత సందు

మా చిన్నప్పుడు... నా బలపాలు నా పలక మీద కంటే మా నాయన చొక్కా జేబులోనే ఎక్కువ ఉండేవి. అడిగి తీసుకునేవాడు కాదు. బళ్లో సంచి వెతుక్కుంటే తెలిసేది.

నాయనది అద్దాలు బిగించే పని. మేముండేది ఖాజాగూడలో. ఆయన రెండు బస్సులు మారి సికింద్రాబాదు వెళ్లేవాడు. అక్కడ విక్టోరియా రాణి కాలంలో దొరలు కట్టించిన అద్దాల బజారు ఉండేది. దాని పైకప్పు బాగోగులు నాయనవే.

సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవాడు. రెండు వైపులా దుకాణాలు, మధ్యలో పొడుగాటి గల్లీ, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అద్దాల కప్పు. ప్రతి తలుపు మీదా అర్ధచంద్రంలా రంగు అద్దం... మధ్యాహ్నం నేల మీద ఎరుపూ నీలం పడేవి. నేను వాటిని తొక్కకుండా నడిచేదాన్ని. ఎందుకో అడగకండి. ఇనుప స్తంభాలు లోపల బోలు. కప్పు మీది వాననీళ్లు వాటిలోంచే కిందికి దిగేవి. చెవి ఆనిస్తే వినిపించేది.

నాయన ఇనుప పట్టీ అంచున కొలతకు నా బలపం పెట్టి, దానికి అద్దం ఆనించి, బలపం తీసేసి, ఆ సందులో మెత్తటి లప్పం కూరేవాడు.

"ఎండకు అద్దం ఒళ్లు విరుచుకుంటది బిడ్డా. జర జాగ ఇయ్యాలె."

అప్పుడే మాదాపూర్‌లో బండలు పేల్చి భవనాలు లేపుతున్నారు. అక్కడొక ఆసామి ఈ బజారు చూసి ముచ్చటపడి, అలాంటిదే చిన్నది కట్టించాడు. స్తంభాలు సిమెంటువి. చెవి ఆనించి చూశాను... ఏమీ వినిపించలేదు. కప్పుకి నాయన్ను పిలిచారు. పని నచ్చితే నెల జీతం మీద ఉంచుకుంటామన్నారు. ఇక రెండు బస్సులు ఉండవు, సైకిల్ మీద పోయి రావచ్చు. అమ్మ ఆ వారమే సైకిల్‌కి కొత్త టైర్లు వేయించింది.

అక్కడి ఇంజనీరు మాత్రం సందులు వద్దన్నాడు, వాన కారుతుందని. నాయన రెండు రోజులు చెప్పి చూశాడట. మూడో రోజు నోరు మూసుకుని బిగించాడు. కొలువు కావాలి కదా.

అమ్మ దవాఖానలో ఆయా. ఇంట్లో ఎవరూ ఉండరని ఆ వేసవంతా నాయన నన్ను సైకిల్ కమ్మీ మీద కూర్చోబెట్టుకుని పనికి తీసుకెళ్లాడు. నా చోటు ముందు గుమ్మం లోపలి మెట్లు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అక్కడ అద్దాలు పగిలాయి. దుకాణాలు ఇంకా తెరవలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క ముందు గుమ్మం మీది వరుస మాత్రం చెక్కు చెదరలేదు. ఇంజనీరు నిచ్చెనెక్కి చూశాడు. ఆ వరుసలో బలపమంత సందు ఉంది.

"నీకు సరిగ్గా బిగించడం వచ్చు. మరి తక్కినవన్నీ ఎందుకు చెడగొట్టావు?" అన్నాడు ఆసామి ముందు.

మీరే వద్దన్నారు కదా సార్ అని నాయన అన్నాడు. ఆసామి నాయన వైపు చూడనే లేదు. కొలువు పోయింది.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, ఆ ఒక్క వరుసే ఎందుకలా చేశావని.

"నువ్వు గక్కడ కూసుంటవు గద" అన్నాడు.

ఎంత గర్వమో నాకు! గల్లీ పిల్లలందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు నాకూ ఒక కూతురుంది. ఆ మాట గుర్తొస్తే సంతోషంతో పాటు ఒక ముల్లు కూడా గుచ్చుకుంటుంది... మిగతా వరుసల కింద ఎవరి పిల్లలు కూర్చునేవాళ్లో. నాయనకీ గుచ్చుకునే ఉంటుంది. మళ్లీ పాత బజారుకే పోయాడు. ఆ తర్వాత ఎక్కడైనా సందు వద్దంటే లప్పం డబ్బా సర్దుకుని వచ్చేసేవాడు.

నాయన ఇప్పుడు లేడు. పాత బజారు కప్పు మీద రేకులు వేశారు. నేను పనిచేసేది నిలువెల్లా అద్దాల భవనంలో. కిటికీ పక్క సీటు. కొత్తలో ఒకరోజు అద్దం అంచు గోటితో తడిమి చూశాను. సందు ఉంది, అందులో నల్ల రబ్బరు. అప్పుడు గానీ స్థిమితంగా కూర్చోలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా మీ వస్తువులు పనికి పట్టుకుపోయేవాళ్లా? రాయండి... నా బలపాలైతే ఒక్కటీ తిరిగి రాలేదు.