బాపు కుడిచెయ్యి

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ టెక్నీషియన్‌గా పని చేస్తాను. శవాలను ఉంచే గదికీ నా గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఇన్నేళ్లలో ఆ గోడ అవతలి నుంచి నన్ను ఎవరూ పలకరించలేదు. పైగా మాది మెథడిస్టు కుటుంబం. చిన్నప్పుడు ఎవరైనా దయ్యం కథ ఎత్తితే బాపు వీపు విమానం మోత మోగించేవాడు.

ఇది దయ్యం కథ కూడా కాదు. ఇందులోని మనిషి అప్పటికి బతికే ఉన్నాడు. ఆయన మా బాపు.

బాపు బోధన్ చుట్టుపక్కల చెరకు లారీలు తోలి మమ్మల్ని సాకాడు. ఆయనకు ఇంకో పనిలో కూడా పేరుండేది. మా వైపు ట్రాక్టరుకో మోటారు సైకిలుకో ఇంజన్ అరిగితే బోరు చేయించి, అంటే సిలిండర్ లోపల చెక్కించి, కొత్త పిస్టన్ వేస్తే, సొంతదారు దాన్ని వెంటనే తోలడు. చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలిచి మొదటి కొన్నాళ్లు ఆయనతో తోలిస్తాడు. ఆ చెయ్యి పడితే ఇంజన్ ఏళ్ల తరబడి ఉంటుందని నమ్మకం. హిందువులైతే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు, మేమైతే ప్రార్థన చేయిస్తాం. ఆ తర్వాత మాత్రం అందరూ మా బాపు దగ్గరికే వచ్చేవారు.

నేను చాదస్తం అనేవాణ్ణి. బాపు నవ్వేవాడు.

"కొత్త ఇంజన్‌ను ఒక్క తీరుగ తోలొద్దు రా. జర గుంజాలె, జర ఇడువాలె. దమ్ము తీసుకోనియ్యాలె. గంతే, గిండ్ల మంత్రమేం లేదు."

ఆ జాగ్రత్త వెనక ఒక చావు ఉంది. బాపు తమ్ముడు, మా చిన్నబాపు, కొత్తగా బోరు చేసిన బండిని ఆగలేక ఘాట్ రోడ్డుకు తీసుకుపోయాడు. దిగేటప్పుడు పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి లోయలోకి పోయింది. నేను పుట్టకముందు సంగతి. బాపు దాని గురించి ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు, అవ్వ చెబితేనే తెలిసింది.

ఆయన పాత మోటారు సైకిలుకు బోరు చేయించి దాని మీద మంచు కొండలకు పోతానని నేను చెప్పినప్పుడు బాపు ముందు ఎగతాళి చేశాడు. "గీడ ఎండకు ఏగుడు సాలలేదా, ఆడ మంచుకు గడ్డకట్టుడు గూడ గావాల్నా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు మార్చి అన్నాడు. "పోతె పో గని, కొత్త బోరు నేను తోలినంకనే పో. నా చెయ్యి పడకుండ ఘాట్ ఎక్కినవంటే ఊకోను."

మెకానిక్ యూసుఫ్ భాయ్ బండి విప్పి బోరు పనికి పంపాడు. అది తిరిగి వచ్చేలోపే బాపు పడిపోయాడు. కుడికాలు, కుడిచెయ్యి, మాట అన్నీ పోయాయి.

స్కాన్ తీసింది నేనే. మెదడు ఎడమవైపు చచ్చుబడిన భాగాన్ని తెర మీద నా కళ్లతో చూశాను. రోజూ ఎవరో ఒకరి తండ్రిది చూసే బొమ్మ అది. ఆ రోజు చూడలేక బయటికి వచ్చేశాను. ఆ చెయ్యి ఇక కదలదని నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బండి సిద్ధమై వచ్చి వరండాలో నిలబడింది. నేను ప్రయాణం సంగతి మరిచిపోయాను. కానీ బాపు మంచం మీది నుంచి ఆ బండినే చూసేవాడు. బండిని చూసి నన్ను చూసేవాడు. మళ్లీ బండిని చూసేవాడు.

"మామకు గా బండి రంది పట్టుకుంది. నువ్వన్న తోలరాదా?" అంది నా భార్య సునీత.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే బండి తీశాను. బోధన్ నుంచి నిజామాబాద్, అక్కణ్ణుంచి హైవే పట్టుకుని ఇందల్వాయి వైపు. రోడ్డు తిన్నగా ఉంది. నేను యాక్సిలరేటర్‌ను ఒకేచోట పట్టి, ఏదో ఆలోచనలో పడి పోతున్నాను. కొత్త ఇంజన్‌కు చేయకూడని తప్పు సరిగ్గా అదే.

నా మణికట్టు దానంతట అది ముందుకు తిరిగింది. ఇంజన్ సద్దు తగ్గింది. కాసేపటికి మళ్లీ గుంజింది. చెయ్యి తిమ్మిరెక్కిందేమో అనుకున్నాను. బండి ఆపి విదిలించి మళ్లీ బయలుదేరాను. మళ్లీ అంతే. మొండిగా బిగించి పట్టుకుంటే, ఒక పెద్ద అరచెయ్యి నా చెయ్యి మీద పడి తిప్పినట్టు తిరిగింది. భయపడ్డాను, దాచుకోవడం ఎందుకు. ఇక ఎదురు తిరగలేదు. ఇంటికి వచ్చేదాకా ఆ చెయ్యి ఎట్లా తిప్పితే అట్లా తోలాను.

గుమ్మంలోనే సునీత ఎదురైంది. ముఖం పాలిపోయి ఉంది.

"మామ చెయ్యి కదుల్తుంది. కుడిదే. బండి తోలినట్టు గుంజుతుండు, ఇడుస్తుండు. ఫిట్స్ అనుకొని ఎంత బుగులు పడ్డనో. గిప్పుడే ఆగింది."

నేను లోపలికి పోయేసరికి ఆ చెయ్యి దుప్పటి మీద చెక్కముక్కలా పడి ఉంది. సూదితో పొడిచి చూశాను. చలనం లేదు.

నా దారిలో జరిగింది ఆమెకు చెప్పలేదు. మరుసటి సెలవు రోజున బాపు మంచం ఎదురుగా ఆమె ఫోన్ పెట్టి వీడియో తీయమన్నాను. ఎందుకని అడిగితే డాక్టరుకు చూపించాలన్నాను. బండి మీద పోచంపాడ్ దాకా పోయాను. మెండోర దగ్గర కావాలనే ఆగి, ఒక చెట్టు కింద బండి ఆపేసి, టైము చూసుకుని నిమ్మళంగా చాయ్ తాగాను.

రాత్రి వీడియో చూశాను. దారి పొడుగునా బాపు చెయ్యి గుంజుతూ, వదులుతూ ఉంది. నేను చాయ్ తాగిన సమయంలో కదలకుండా ఉంది. నేను బండి ఎక్కిన వేళకు మళ్లీ మొదలైంది.

నరాల డాక్టరు చూసి, పక్షవాతంలో కండరాలు ఒక్కోసారి అట్లా ఎగురుతాయని చెప్పాడు. నిజమే, నేనూ చూశాను. కానీ ఆ కండరాలకు నా చాయ్ సంగతి ఎట్లా తెలిసింది? పాస్టరుగారికి జరిగిందంతా చెప్పి వీడియో చూపించాను. ఫోన్ నా చేతిలో పెట్టేస్తూ, "దీన్ని ఎవరికీ చూపించకు నాయనా" అన్నారు.

నేను భయం మానేశాను. వీలు దొరికినప్పుడల్లా బండి తీసేవాణ్ణి. బాపు మాటిచ్చిన పని బాపే చేస్తున్నాడని నాకు అనిపించేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆయన పడిపోయాక నేను సంతోషంగా ఉన్నది ఆ ప్రయాణాల్లోనే.

కొత్త బోరు తోలడం పూర్తయ్యాక బండిని యూసుఫ్ భాయ్ షెడ్డుకు ఇచ్చాను. మరునాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"హెడ్ ఇప్పి చూసిన భాయ్. బోరు లోపల ఒక్క గీత లేదు. బాపు లేచిండా?"

"లేదు భాయ్, మంచంలనే ఉన్నడు."

"మజాక్ చెయ్యకు. గిది నీ చెయ్యి కాదు."

ఫోన్ పెట్టేలోపే సునీత లోపలి నుంచి కేక వేసింది. బాపు చెయ్యి కదులుతోంది. నేను ఇంట్లో ఉన్నాను. ఇంజన్ యూసుఫ్ భాయ్ బల్ల మీద విప్పి ఉంది.

పక్కన కూర్చుని ఆ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. లోపల ఇంజన్ నడుస్తున్నప్పటి అదురు ఉంది. పట్టుకుంటే తెలిసింది, ఇది రోజూ గుంజి వదిలే తీరు కాదు. పొడుగ్గా గుంజుతున్నాడు. రెండుసార్లు చిన్నగా వదిలి, మళ్లీ పొడుగ్గా. కొండదారిలో గట్టి ఎక్కుడు ఎక్కేటప్పుడు అట్లా తోలుతారు. బాపు కళ్లు తెరిచే ఉన్నాయి గాని నన్ను చూడటం లేదు. చివరికి చాలాసేపు గుంజి పట్టాడు. ఆ తర్వాత మెల్లగా, పూర్తిగా వదిలేశాడు.

చెయ్యి ఆగింది. బాపు కూడా ఆగిపోయాడు.

నేను ఆ మరుసటి ఏడాది వెళ్లాను. బండిని రైలులో ఢిల్లీ దాకా వేసి, అక్కణ్ణుంచి మనాలి దాటి పైకి. దారి పొడుగునా నా చేతి మీద ఇంకో చెయ్యి పడుతుందేమోనని చూశాను. పడలేదు. బండి మాత్రం ఎక్కడా మొరాయించలేదు.

కనుమకు కాస్త కింద, రోడ్డుకు రెండు వైపులా మంచు గోడలున్న చోట, ఎక్కుడు బాగా గట్టిది. గాలి పలుచబడి ఇంజన్ దమ్ము చాలక కొట్టుకుంటోంది. పొడుగ్గా గుంజాను. రెండు మలుపుల దగ్గర చిన్నగా వదిలి, మళ్లీ పొడుగ్గా గుంజాను. చివరి ఎక్కుడులో చాలాసేపు గుంజి పట్టాను. పైకి చేరాక మెల్లగా, పూర్తిగా వదిలేశాను.

అప్పుడు నా అరచేతికి గుర్తొచ్చింది. ఈ ఎక్కుడు నేను ఒకసారి బాపు చేతిలో పట్టుకుని చూశాను.

బండి ఆపి ఆ మంచులో నిలబడి గట్టిగా ఏడ్చాను. పక్కన ఆగిన లారీ డ్రైవరు ఏమైందని హిందీలో అడిగాడు. "మా నాయన ఈ దారిన వచ్చి పోయాడు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో, ఎట్లా అన్నానో నేను ఇప్పటికీ చెప్పలేను. బాపు బోధన్ దాటి అంత దూరం ఎన్నడూ పోలేదు.